అక్టోబరు జపమాల: "మా ఇంటికి వద్దులే నాయనా" అన్న అవ్వ గురించి, ఈసారి జాబితా ఎలా రాయాలి?

శౌరి_పల్నాడు
మాది పల్నాడులో చిన్న ఊరు. మా గుడి కింద 62 కుటుంబాలు. అక్టోబరు నెలంతా మరియమాత స్వరూపాలు (బొమ్మలు) రెండు, గుడికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రోజుకొక ఇంట్లో ఉంటాయి. 31 రోజులు, 62 ఇళ్లు, లెక్క సరిగ్గా సరిపోతుంది. సాయంత్రం ఏడింటికి ఒక ఇంటి నుంచి పాటలు పాడుకుంటూ ఇంకో ఇంటికి తీసుకెళ్తాం, అక్కడ జపమాల (పూసలు లెక్కపెడుతూ చెప్పే ప్రార్థన), ప్రార్థనమాల (మాత పేర్లన్నీ వరసగా చెప్పి వేడుకోవడం) చెప్పుకున్నాక ఆ రాత్రికి తల్లి వాళ్లింట్లోనే.

ఈసారి జాబితా రాసే పని ఫాదర్ గారు నాకు అప్పజెప్పారు. మొన్న మా వీధి చివర ఉండే ఒక అవ్వ దగ్గరికి వెళ్లి ఏ తేదీ వేయమంటావు అని అడిగితే "ఈసారి మా ఇంటికి వద్దులే నాయనా, ఒంట్లో బాగుండటం లేదు" అంది. సరేనని వచ్చేశాను. పక్కింటావిడ తర్వాత చెప్పింది అసలు సంగతి. పోయినేడు ఈ అవ్వ ముందు రోజు రాత్రే రెండు కిలోల శనగలు నానబెట్టి, పొద్దున్నే లేచి గుగ్గిళ్లు చేసి, పోపులో కొబ్బరి ముక్కలు కూడా వేసి పెట్టిందంట. అంతకు ముందు రోజు వేరే ఇంట్లో చికెన్ బిర్యానీ పొట్లాలు పంచారు. పిల్లలు గుగ్గిళ్లు రెండు నోట్లో వేసుకుని, మిగతావి పేపర్ ప్లేట్లతో సహా చాపల కింద తోసేసి వెళ్లిపోయారు. అందరూ వెళ్లాక చాపలు ఎత్తి ఆ గింజలన్నీ ఏరుకుందంట ఆవిడ, మాత ముందు దీపం వెలుగులో.

ఆ రోజు నేనూ ఉన్నాను అక్కడ. నాకు కనపడలేదు. పోయినేడు మా ఇంట్లో కూడా కేకు, సమోసా, కూల్‌డ్రింకు పెట్టాం, 3000 దాటింది ఖర్చు. అవ్వ కూలికి పోయి బతికే మనిషి. ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి. జాబితా సెప్టెంబరు ఆఖరి ఆదివారం పూజలో చదవాలి.

లూర్దు_అక్క
చదువుతుంటే కడుపులో దేవినట్టయింది తమ్ముడూ. మా ఊళ్లో కూడా ఇదే. పదేళ్ల కిందట టీ, బిస్కెట్ ఉండేది. ఎవరో ఒకరు ఇడ్లీ పెట్టారు. ఆ తర్వాత ఆగలేదు.

క్వయర్_తెరేజ
రూల్ పెట్టేయండి అన్నా. ఏ ఇంట్లో అయినా గుగ్గిళ్లు, టీ. అంతే. ఫాదర్ గారితో పూజలో ప్రకటన చేయించండి.

ఉపదేశిగారి_అబ్బాయి
తెరేజ చెప్పిందే నా మాట కూడా. మా నాన్న 31 ఏళ్లు ఉపదేశిగా (ఊళ్లలో ప్రార్థనలు నేర్పే పని) చేశారు, మూడు ఊళ్లు సైకిల్ మీద తిరిగేవారు. ఆయన ఉన్నన్నాళ్లూ జపమాల అయిపోగానే తలా ఒక బెల్లం ముక్క. అది కూడా గుడి నుంచి ఆయనే సంచిలో తెచ్చేవారు, ఇంటివాళ్లని ఏమీ పెట్టనిచ్చేవారు కాదు. అప్పుడు నాకు అర్థం కాలేదు, మా నాన్న ఇంత పిసినారి ఏంటి అనుకునేవాణ్ణి. శౌరి రాసింది చదివాక తెలిసింది ఎందుకో.

మిర్చి_చిన్నప్ప
అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. రెండేళ్ల కిందట మా పాపకి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. గుంటూరులో ఐసీయూ బయట నేలమీద కూర్చుని నేనూ మా ఆవిడా జపమాల చెప్పాం, ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు. పాప బతికితే అక్టోబరులో తల్లి మా ఇంటికొచ్చిన రోజు వచ్చిన వాళ్లందరికీ కడుపునిండా భోజనం పెడతాను అని మొక్కుకున్నా. బతికింది. ఆ బిర్యానీ పొట్లాలు నావే కావచ్చు, మా ఊళ్లోనూ అదే కథ. నేను ఎవరి మీదా పోటీకి పెట్టలేదు. ఇప్పుడు రూల్ అంటే నా మొక్కు తప్పమంటారా?

శౌరి_పల్నాడు
చిన్నప్పన్నా, మీది మా ఊరు కాదు, మీ మీద రాసింది అసలే కాదు. కానీ మీరు చెప్పింది కూడా నిజమే. మా ఊళ్లో బిర్యానీ పెట్టిన ఆయన కూడా కొడుక్కి ఉద్యోగం వచ్చిందని పెట్టాడు. ఆయన్ని తప్పు పట్టలేను.

రాయప్ప_మాస్టారు
నాకు 74 ఏళ్లు. పిల్లప్పుడు పూజలో ఫాదర్ గారికి అందించేవాణ్ణి, అప్పుడు పూజ లాటిన్‌లోనే. ఏం పలుకుతున్నామో మాకు తెలియదు, గుడిలో వెనక కూర్చున్న మా అమ్మకి అసలే తెలియదు. రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచంలోని బిషప్పులంతా కూర్చున్న సభ) 1963లో స్థానిక భాషలకు దారి ఇచ్చాక గానీ పూజ తెలుగులోకి రాలేదు. కానీ జపమాల అప్పటికే తెలుగులో ఉంది. అక్షరం ముక్క రాని మా అమ్మ జపమాలలోని యాభై మూడు మంగళవార్త జపాలూ (మరియమ్మకి చెప్పుకునే చిన్న ప్రార్థన), ప్రార్థనమాలా తడుముకోకుండా చెప్పేది. మిగతా వాళ్లందరూ "మా కొరకు వేడుకొనండి" అనడమే. పూజ గురువులది, జపమాల మాది అన్నట్టు ఉండేది ఆడవాళ్లకి. ఆ అవ్వ ఇల్లు జాబితాలోంచి పోతే పోయేది ఒక ఇల్లు కాదు శౌరీ. రేపు ప్రార్థనమాల పుస్తకం చూడకుండా చెప్పేది మీ ఊళ్లో ఎవరో ఒకసారి లెక్క వేసుకో.

శౌరి_పల్నాడు
ఆ అవ్వే మాస్టారూ. ఇంకొకరు ఉండేవారు, రెండేళ్లయింది పోయి.

క్వయర్_తెరేజ
మా ఊళ్లో ఒక పెద్దమ్మ గురువారం వెలుగు రహస్యాలు (రహస్యాలంటే జపమాలలో తలచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు) అస్సలు చెప్పనివ్వదు. అవి 2002లో జాన్ పాల్ పోపు గారు చేర్చారు కదా, "నేను నేర్చుకున్నవి పదిహేనే, ఇరవై నాకు తెలియదు" అంటుంది. ఆవిడ ఉన్న రోజు అందరం సంతోష రహస్యాలే చెప్తాం. గుర్తొచ్చి రాశాను, మీరు కానివ్వండి.

మఠం_సిస్టర్
సంతోష రహస్యాల్లో రెండోది చూడండి. మరియమ్మ కొండ ప్రాంతానికి త్వరగా నడిచి ఎలిజబెత్తమ్మ ఇంటికి వెళ్లింది. గుమ్మంలో వందనం చెప్పగానే కడుపులో బిడ్డ గంతులేశాడు. ఎలిజబెత్తమ్మ ఏం వండి పెట్టిందో లూకా సువార్తలో ఒక్క ముక్క లేదు. మనం చేస్తున్నది ఆ సందర్శనే. తల్లి మన ఇంటికి వస్తోంది. అంతవరకే.

మిర్చి_చిన్నప్ప
మూడు నెలలు ఉంది కదా సిస్టర్ గారూ ఆ ఇంట్లో, తినకుండా ఉందా 🙂 ఇంకో మాట. కానా పెళ్లిలో ద్రాక్షారసం అయిపోతే ముందుగా చూసి కొడుకుతో చెప్పింది కూడా ఆ తల్లే. విందు ఆమెకు ఇష్టం లేకపోతే ఎందుకు చెప్తుంది?

లూర్దు_అక్క
చిన్నప్పా, నువ్వే చెప్పావు చూడు. ఆ ఇంటివాళ్లకి పదిమందిలో తలవంపు రాకముందే ఆమె చూసింది. పెళ్లికొడుక్కి కూడా తెలియదు అయిపోయిందని. శౌరి వాళ్ల అవ్వ ఇంట్లో ఆ రోజు నలభై మంది ఉన్నారు. చాపల కింద ఏముందో ఒక్కరూ చూడలేదు.

మిర్చి_చిన్నప్ప
ఆ మాట ఒప్పుకుంటాను అక్కా. దాని మీద ఆలోచిస్తా.

కొత్తకాలనీ_ఇన్నయ్య
జాబితా అన్నారు కాబట్టి నాదొక బాధ. మాది కృష్ణా జిల్లా. మా విచారణలో (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని ఊళ్లు) స్వరూపం ముందు ఊళ్లో అన్ని ఇళ్లూ తిరిగి చివరికి మా కాలనీకి వస్తుంది. ఎప్పుడూ 28, 29, 30 తేదీలే. నా చిన్నప్పటి నుంచి ఒకే వరస. ఆ తేదీల్లో తుఫాను వానలు పడితే "ఈసారికి గుడిలోనే చెప్పుకుందాం" అంటారు. గత అయిదేళ్లలో రెండుసార్లు మా కాలనీకి రాలేదు. 2022 ఆగస్టులో పూల ఆంథోనీ గారు కార్డినల్ (పోపు గారి తర్వాతి హోదా) అయినప్పుడు, తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ అని మా కాలనీ అంతా రాత్రి పన్నెండింటిదాకా మేలుకుని టపాకాయలు కాల్చాం. ఆయన ఫొటో మా ప్రతి ఇంట్లో ఉంది. అదే ఇంటికి మాత రావాలంటే 28వ తేదీ దాకా ఆగాలి, అది కూడా వాన లేకపోతే. తిండి సంగతి తర్వాత, వరస ఎవరు వేస్తున్నారో అది ముందు చూడండి.

శౌరి_పల్నాడు
ఇన్నయ్య గారూ, చదివాక నా పాత జాబితాలు తీసి చూశాను. మా దగ్గర రెండు స్వరూపాలు కాబట్టి అలా లేదు అనుకున్నా. ఉంది. పడమటి స్వరూపం కాలనీలో మొదలవ్వాల్సింది, దగ్గర కదా. కానీ మూడేళ్ల జాబితాలోనూ గుడి ఎదురు ఇళ్లతోనే మొదలైంది, కాలనీ 22 తర్వాత. నేను కాదు రాసింది, అయినా ఈసారి నా చేతిలో ఉంది.

రాయప్ప_మాస్టారు
చీటీలు వేయండి. ఇంటికొక చీటీ, ఒక గిన్నెలో తూర్పు, ఇంకో గిన్నెలో పడమర. పూజ అయ్యాక పీఠం ముందు పసిపిల్లతో తీయించండి. ఎవరూ ఎవర్నీ అడగడానికి ఉండదు.

ఎల్బీనగర్_సలోమి
చీటీలంటే మాలాంటి వాళ్ల సంగతి ఏంటి? నేను హైదరాబాద్‌లో ఉంటా, అమ్మ ఒక్కతే ఊళ్లో. మా ఇంటికి మాత వచ్చే రోజుకి తప్పకుండా వెళ్తా, కానీ శనివారమో ఆదివారమో దసరా సెలవుల్లోనో అయితేనే కుదురుతుంది. మంగళవారం వస్తే సెలవు దొరకదు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లో జపమాల చెప్పేది నేనొక్కదాన్నే. రాత్రి ఎనిమిదింటికి అమ్మకి వీడియో కాల్ చేసి అటు ఐదు, ఇటు ఐదు మంగళవార్త జపాలు చెప్పుకుంటాం. అక్టోబరులో ఆ ఒక్క రోజు ఇంట్లో అందరి మధ్యన మోకరిల్లి చెప్పుకోవడం నాకు పండుగ కంటే ఎక్కువ.

కొత్తకాలనీ_ఇన్నయ్య
అమ్మా సలోమి, నీ బాధ అర్థమైంది. కానీ ఆదివారాలు బయట ఉండేవాళ్లకే ఇచ్చుకుంటూ పోతే కూలికి పోయేవాళ్లకి ఎప్పుడూ వారం మధ్యలోనే పడుతుంది. అక్టోబరు అంటే మిరపకి కలుపు, పత్తి తీతలు మొదలు. ఆరున్నరకి చేలోంచి వచ్చి ఏడింటికి ఇల్లు అలికి దీపం పెట్టాలి. వాళ్లకీ ఆదివారమే కావాలి.

ఎల్బీనగర్_సలోమి
నిజమే. నేను అలా ఆలోచించలేదు బాబాయ్. చీటీ తీశాక ఎవరైనా ఇష్టపడి మార్చుకుంటే మార్చుకోవచ్చు అని పెట్టండి, చాలు.

శౌరి_పల్నాడు
అది బాగుంది. రాసుకున్నా. ఏడింటిది ఏడున్నరకి మారిస్తే?

లూర్దు_అక్క
ఏడున్నర మంచిది. జపమాలకి ఇరవై నిమిషాలు, ప్రార్థనమాల, పాటలు కలిపి గంటలోపే. ఎనిమిదిన్నరకి పిల్లలు ఇళ్లకి చేరతారు.

కువైట్_అంతోని
నేను ఒక మాట అనొచ్చా. ఇక్కడ ఆరుగురం ఒక గదిలో ఉంటాం, నలుగురం తెలుగు కతోలికులం. శుక్రవారం సెలవు కాబట్టి పూజకి ఆ రోజే పోతాం, గుడి బయట కూడా జనం నిలబడతారు. జపమాల గదిలోనే, పై మంచం వాళ్లు పైనే కూర్చుని, కింద వాళ్లం కింద. పెట్టడానికి ఏమీ ఉండదు, ఒక ఫ్లాస్కులో టీ. శౌరీ, ఆ అవ్వ ఇంటి రోజుకి ఖర్చు ఎంతైనా నేను పంపిస్తా. ఆవిడ కూడా బిర్యానీ పెట్టనీ.

ఉపదేశిగారి_అబ్బాయి
అంతోని అన్నా, నీ మనసు మంచిది. కానీ అలా చేస్తే ఆవిడ పక్కింటావిడ వచ్చే ఏడు "నాకు వద్దులే" అంటుంది. ఆవిడకి పంపేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

కువైట్_అంతోని
😔 అవును.

శౌరి_పల్నాడు
డబ్బు మాట వచ్చింది కాబట్టి, పోయినేడు అక్టోబరు 7 జపమాల మాత పండుగకి తేరు కోసం వసూలు చేసిన చందాలో 11,400 మిగిలింది. యువత డీజేకి బుక్ చేద్దాం అంటున్నారు. నాకేమో దాంతో నెలకి సరిపడా టీ పొడి, పంచదార, శనగలు గుడి తరఫున కొని ఇంటింటికీ ఇస్తే ఎవరికీ భారం ఉండదు అనిపిస్తోంది.

రాయప్ప_మాస్టారు
ఆగు. తేరు కోసం అని ఇచ్చిన డబ్బు తేరుకే వాడాలి. చర్చి చట్టం 1267వ నిబంధనలో స్పష్టంగా ఉంది, ఒక పని కోసం విశ్వాసులు ఇచ్చిన కానుక ఆ పనికే. శనగలకీ కాదు, డీజేకీ కాదు. ఇంకోటి, ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలి, అదే చట్టం 537వ నిబంధన. మీ ఫాదర్ గారితో ఆ నలుగురినీ కూర్చోబెట్టి మిగులు లెక్క ముందు పూజలో చదివించండి. ఇచ్చినవాళ్లని అడిగి వాళ్లు సరే అంటే శనగలకి మార్చండి. 62 ఇళ్లే కదా, ఒక ఆదివారం పని.

తేరు_కుర్రాళ్లు
డీజే మాట మా మీద పెట్టారు కాబట్టి చెప్తున్నాం. మేం అడిగింది మోగే డీజే కాదు. తేరు వెనక నడిచేవాళ్లకి జపమాల వినపడటం లేదు, ముందు చెప్పేవాళ్లు ఒక రహస్యంలో ఉంటే వెనక ఇంకో రహస్యంలో ఉంటున్నారు. రెండు పెద్ద స్పీకర్లు, ఒక జనరేటరు కావాలి. దాన్ని అందరూ డీజే అంటున్నారు. తేరు మోసేది మేమే, బంతిపూలు కట్టేది మేమే, రాత్రి రెండింటిదాకా సీరియల్ బల్బులు కట్టేది కూడా మేమే.

శౌరి_పల్నాడు
తప్పు నాదే తమ్ముళ్లూ, విన్నది రాసేశాను. స్పీకర్లు తేరు ఖర్చే కదా, దానికి అడ్డు లేదు.

క్వయర్_తెరేజ
చిన్నప్పన్న మొక్కు సంగతి తేలలేదు ఇంకా. నాకో ఆలోచన. ఇళ్లలో ఎవరూ ఏమీ పెట్టొద్దు, మంచినీళ్లు తప్ప. అక్టోబరు 1 నుంచి ప్రతి ఇంట్లో అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన ఒక డబ్బాలో వేసుకుందాం. 31న రెండు స్వరూపాలూ గుడికి చేరతాయి కదా, ఆ బియ్యం అంతా ఒక్క చోట పోసి గుడి ఆవరణలో అందరికీ ఒకటే భోజనం. మొక్కు ఉన్నవాళ్లు అందులో కూరో కోడో వాళ్ల శక్తి కొద్దీ వేసుకోవచ్చు. ఎవరిది ఏదో ఆకులో పడ్డాక తెలియదు.

మఠం_సిస్టర్
ఇది చాలా బాగుంది తెరేజా. అదే భోజనం అయ్యాక అందరూ కలిసి సమాధుల తోట శుభ్రం మాట కూడా తేల్చుకోవచ్చు. నవంబరు 2న సకల ఆత్మల పండుగ, మధ్యలో ఒక్క రోజే. ప్రతి ఏటా ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసి వెళ్తారు, ఎవరూ లేనివాళ్ల సమాధుల మీద తుమ్మ మొక్కలు మొలుస్తున్నాయి.

మిర్చి_చిన్నప్ప
నేను తల్లి మా ఇంటికొచ్చిన రోజు పెడతాను అని మొక్కాను, 31న గుడిలో అని కాదు. మాట మార్చొచ్చా? మనసులో అదే తిరుగుతోంది.

రాయప్ప_మాస్టారు
నాకు తెలిసినంతలో మొక్కుని అంతకంటే మంచి పనికి మార్చుకునే వీలు మొక్కుకున్న వాళ్లకే ఉంది. అయినా నీ మనసు నిలబడాలంటే మీ ఫాదర్ గారిని అడుగు, పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు రెండు నిమిషాల పని.

మిర్చి_చిన్నప్ప
శనివారం వెళ్తా.

పక్కవీధి_డేవిడ్
మేం సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంటు) వాళ్లం, జపమాల మాకు లేదు, అయినా చదువుతూ కూర్చున్నా. మా సంఘంలో గృహ కూటాలప్పుడు ఇదే గొడవ. పిడికెడు బియ్యం మా అమ్మమ్మ చేసేది, డబ్బా ఇంకా ఉంది మా ఇంట్లో. మా వాళ్లకి చూపిస్తాను ఇది.

లూర్దు_అక్క
తెరేజా, మంచినీళ్లు మాత్రమే అంటే మన వాళ్లు ఒప్పుకోరు, ఇంటికొచ్చిన మనిషికి ఏమీ పెట్టకుండా పంపడం మన ఇళ్లలో లేదు. ఆ అవ్వ కూడా ఒప్పుకోదు. టీ ఉండనివ్వండి. గుగ్గిళ్లు కూడా. కానీ అన్ని ఇళ్లలో అదే.

శౌరి_పల్నాడు
నిన్న సాయంత్రం అవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లాను. చీటీల సంగతి, గుగ్గిళ్ల సంగతి, 31 భోజనం సంగతి చెప్పాను. అంతా విని ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి గోడకున్న అర దగ్గర నిలబడింది. అక్కడ లూర్దు మాత బొమ్మ ఒకటి ఉంటుంది, అరచేతి అంత, ఎప్పుడో గుణదల తిరునాళ్లలో వాళ్లాయన కొన్నదంట. దాని మీద దుమ్ము కొంగుతో తుడుస్తూ "లూర్దులో ఈమె కనబడింది కట్టెలు ఏరుకునే పిల్లకే కదా" అంది. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తమ్మ అనే పిల్ల కట్టెలకి వెళ్లినప్పుడు కదా మాత కనబడింది, వాళ్లు ఉండేది పాత జైలు గదిలో. అది అవ్వకి ఎవరు చెప్పారో, ఎప్పుడు విన్నదో. తర్వాత నా వైపు తిరిగి "శనగలు నేనే నానబెడతా, గుడివి నాకొద్దు. చీటీ వేయి" అంది.

ఫాదర్ గారు ఒప్పుకున్నారు చీటీలకి. మిగులు లెక్క ఈ ఆదివారం చదువుతారు. ఇంట్లో ఏం పెట్టాలన్నది రూల్‌గా చెప్పను, మనవిగా చెప్తాను అన్నారు. బిర్యానీ ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ఆయనతో నేను మాట్లాడాలి.

ఉపదేశిగారి_అబ్బాయి
మా నాన్న బెల్లం సంచి పంపనా?

శౌరి_పల్నాడు
పంపు తమ్ముడూ. స్వరూపం తీసుకెళ్లేటప్పుడు ముందు మోగించే చిన్న గంట కూడా మీ నాన్న దగ్గరే ఉండేది. అది మీ ఇంట్లో ఉందా, గుడి సామాను గదిలో ఉందా? వెతికి వెతికి రెండు రోజులైంది.